అమ్మ ఇచ్చిన దోస విత్తనం చేదెక్కింది: పెరటి కాయల నుంచి విత్తనం ఎలా తీసి దాచుకోవాలి?

సిద్దిపేట_పెరడు · సెప్టెంబర్ 8, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

నాలుగేళ్ల కింద అమ్మ నాకు పిడికెడు దోస గింజలు ఇచ్చింది. గుండ్రటి కాయ, పసుపు మీద ఆకుపచ్చ చారలు, పలుచటి తోలు. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేనంత పులుపు. మా అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చిన విత్తనం అది. ఇప్పుడు అమ్మ తమ్ముడి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది, ఊళ్లో ఇల్లూ లేదు, పెరడూ లేదు. కాబట్టి ఆ విత్తనం ఉంటే నా దగ్గరే ఉండాలి.

ప్రతి ఏడాదీ ఒక మంచి కాయ పండనిచ్చి, గింజలు కడిగి ఎండబెట్టి సీసాలో పెట్టుకుంటున్నాను. ఈ వానాకాలం అయిదు పాదులు పెట్టాను. మూడింటి కాయలు నోట్లో పెట్టుకోలేనంత చేదు. అందులో రెండు పాదులకు కాయలు కూడా చిన్నగా, కోడిగుడ్డంత వస్తున్నాయి. మిగతా రెండు పాదుల కాయలు బాగానే ఉన్నాయి, అచ్చం అమ్మ దోసే.

నేను ఎక్కడ తప్పు చేశాను? ఎండబెట్టడంలోనా, దాచడంలోనా? పాత గింజలు ఒక్కటి కూడా మిగల్లేదు. నిజంగా చాలా టెన్షన్‌గా ఉంది.

మిద్దెమీద_కూకట్‌పల్లి · సెప్టెంబర్ 8, ఉదయం 8:15

పక్కన కాకర పాదు ఉందా అండీ? కాకర పక్కన పెడితే దోస చేదవుతుందని మా అత్తగారు అంటారు. నీళ్లు సరిగా అందకపోయినా చేదు వస్తుంది. ఈసారి వానలకు మధ్యలో బాగా గ్యాప్ వచ్చింది కదా.

పెన్నాతీరం · సెప్టెంబర్ 8, ఉదయం 9:40

కాకర పక్కన ఉన్నంత మాత్రాన దోస చేదవ్వదు. ఆ రెండూ వేరువేరు జాతులు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పట్టదు. నీళ్ల ఎద్దడికి, ఎండ దెబ్బకు చేదు పెరగడం నిజమే. కానీ అదే కారణమైతే ఒకే మడిలో ఉన్న అయిదు పాదులూ కాస్తో కూస్తో చేదవ్వాలి. ఇక్కడ మూడు పూర్తిగా చేదు, రెండు పూర్తిగా బాగున్నాయి. కాయ ఆకారం కూడా మారింది. ఇది నీళ్ల సంగతి కాదు, విత్తనంలోనే కలిసిపోయింది.

ఒక్క ప్రశ్న. మీ ఇంటి చుట్టుపక్కల, ఖాళీ స్థలాల్లో, కంచెల మీద బుడమకాయ తీగ ఉందా?

సిద్దిపేట_పెరడు · సెప్టెంబర్ 8, ఉదయం 10:05

ఉంది అండీ! పక్కన ఖాళీ ప్లాటు. వానలు పడగానే అంతటా బుడమ పాకుతుంది. మూడేళ్లుగా అది ఖాళీగానే ఉంది, అంతకు ముందు అక్కడ ఇసుక కుప్పలు ఉండేవి. అయినా ఆ కాయలు గోలీలకంటే కొంచెం పెద్దవి అంతే, వాటికీ మన దోసకూ సంబంధం ఏమిటి?

పెన్నాతీరం · సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 1:30

చాలా దగ్గరి సంబంధం ఉంది. పప్పు దోస, ఖర్బూజ, బుడమ మూడూ ఒకే జాతి. కాయలు చూస్తే ఎవరూ నమ్మరు కానీ ఒకదాని పుప్పొడితో ఇంకోటి కట్టుకుంటుంది, ఆ గింజ చక్కగా మొలుస్తుంది. కీర మాత్రం వేరే జాతి. బీర, సొర, గుమ్మడి కూడా వేరు. వాటివల్ల దోసకు భయం లేదు.

బుడమ పిందె ఎంత చేదో తెలిసిందే. సంకరంలో ఆ చేదు గుణమే పైచేయి అవుతుంది. అంటే తల్లి మంచి దోస, తండ్రి బుడమ అయినా ఆ గింజ నుంచి వచ్చిన పాదు చేదు కాయలే కాస్తుంది.

మీకు జరిగింది ఇదీ. పోయినేడు మీరు విత్తనానికి వదిలిన కాయ తియ్యగానే ఉండి ఉంటుంది, ఎందుకంటే కాయ కండ తల్లి తీగది. తేనెటీగ తెచ్చిన బుడమ పుప్పొడి ప్రభావం ఆ కాయలో కనపడదు, లోపలి గింజల్లో దాగి ఉంటుంది. ఒకే కాయలో కొన్ని గింజలకు మన దోస పుప్పొడి, కొన్నింటికి బుడమ పుప్పొడి అంది ఉంటుంది. అందుకే ఈ ఏడాది అయిదింటిలో మూడు అటు, రెండు ఇటు.

మీ ఎండబెట్టడంలో తప్పేమీ లేదమ్మా. గింజలు మొలిచాయంటే దాచడం బాగానే దాచారు. జాగ్రత్త పడాల్సింది పువ్వు దగ్గర.

ఇంకో మాట, అందరికీ. చేదు దోసకాయ గానీ చేదు సొరకాయ గానీ "ఉడికితే పోతుందిలే" అని వండకండి. ఉడికించినా ఆ చేదు పోదు. వాంతులు, కడుపునొప్పి వస్తాయి, ఎక్కువ తింటే ప్రాణం మీదకు వస్తుంది. కోసిన ప్రతి కాయ చివర ముక్క నాలుక మీద పెట్టి చూసే మన ఇళ్ల అలవాటు మానకండి.

సిద్దిపేట_పెరడు · సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 2:10

చదువుతుంటే కళ్లు తెరుచుకున్నట్టయింది. అయితే బాగున్న రెండు పాదుల కాయల నుంచి ఇప్పుడు గింజలు తీసుకోవచ్చా? రెండు కాయలు పండుతున్నాయి.

పెన్నాతీరం · సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 2:45

వద్దు. ఆ కాయలు తినండి, గింజలు మాత్రం తీయకండి. చేదు పాదులు మూడూ అదే మడిలో పూస్తున్నాయి, పక్కన బుడమ పూస్తోంది. ఈసారి కలుపు ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఇవాళ సాయంత్రమే ఈ పని చేయండి. చేదు పాదులు మూడూ మొదలంటా పీకేయండి. మంచి పాదుల మీద ఉన్న కాయలన్నీ, చిన్నా పెద్దా, కోసేయండి. కాయ బరువు దిగితే తీగకు మళ్లీ పూత వస్తుంది. కొంచెం చివికిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. ఆ కొత్త పూతను మీరే చేత్తో కట్టించాలి.

పల్నాటి_పొలం · సెప్టెంబర్ 8, రాత్రి 8:20

పెన్నాతీరం గారు చెప్పింది అక్షరాలా నిజం. చేత్తో ఎలా కట్టించాలో నేను చెబుతాను, మేం బీర, దోస విత్తనం ఇలాగే కట్టుకుంటాం.

సాయంత్రం అయిదు ఆరు మధ్య పాదు దగ్గర కూర్చోండి. మర్నాడు విచ్చుకునే మొగ్గ కొన పసుపు రంగు తిరిగి ఉంటుంది. వెనక చిన్న పిందె ఉన్నది ఆడమొగ్గ, సన్నటి కాడ మాత్రమే ఉన్నది మగమొగ్గ. రెండు రకాల మొగ్గలకూ కొన దగ్గర దారంతో మెత్తగా ముడి వేయండి, లేదా పలుచటి గుడ్డసంచి తొడగండి. తెల్లారి ఏడు గంటలకల్లా మగపువ్వు తెంచి, రెక్కలు వెనక్కి విరిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో ఉండే బొడిపెకు నిదానంగా రాయండి. రెండు మూడు మగపువ్వులు వాడితే మంచిది. మళ్లీ ఆడపువ్వు మూసి దారం కట్టండి, రెండు రోజులు విప్పొద్దు. కాడకు ఎర్రదారం గుర్తు పెట్టండి, లేకపోతే ఏ కాయో మర్చిపోతాం.

కొన్ని దోసల్లో పిందె ఉన్న పువ్వులోనే పుప్పొడి కూడా ఉంటుంది. అయినా సంచి కట్టాల్సిందే, తేనెటీగ రాకుండా.

పది కడితే రెండో మూడో నిలుస్తాయి. పిందె పసుపెక్కి రాలితే దిగులు పడొద్దు, మళ్లీ కట్టండి.

బీర, సొర వాళ్లకు: ఈ రెండూ సాయంత్రం పూట విచ్చుకుంటాయి. వాటికి ముడి మధ్యాహ్నమే వేయాలి, పుప్పొడి రాయడం దీపాల వేళ.

కొత్తకుండీ · సెప్టెంబర్ 9, ఉదయం 7:30

నేను ఈ ఏడాదే కుండీల్లో మొదలుపెట్టాను. దోస సంగతి చదివి భయం వేసింది. టమాటా, వంకాయ, మిరపకు కూడా ఇంత కష్టపడాలా? ఇంకోటి, బజారులో కొన్న టమాటా గింజలు వేస్తే మొలిచాయి, అవి ఉంచాలా తీసేయాలా?

పల్నాటి_పొలం · సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 12:50

టమాటాతో మొదలుపెట్టండి, అంత తేలిక ఇంకోటి లేదు. దాని పువ్వు తనకు తానే కట్టుకుంటుంది. చిక్కుడు, బఠాణీ కూడా అంతే. వంకాయ కొంచెం కలుస్తుంది, మిరప ఇంకా ఎక్కువ. బెండ కూడా కలుస్తుంది. మిరపకు పూత మొదలవకముందే పాత దోమతెర గుడ్డ చెట్టు మొత్తానికి చుట్టి, రోజూ కొమ్మ కొంచెం ఊపితే చాలు, లోపలే కాయ కడుతుంది. గుర్తు పెట్టుకున్న నాలుగు కాయలు పండాక గుడ్డ తీసేయొచ్చు.

బజారు టమాటా దాదాపు హైబ్రిడ్ అనుకోండి. మొలుస్తుంది, కాస్తుంది, తినొచ్చు. కానీ దాని పిల్లలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. విత్తనం నిలుపుకోవాలంటే మామూలు రకం నుంచి మొదలుపెట్టాలి. టమాటాలో పూసా రూబీ, అర్క వికాస్, వంగలో భాగ్యమతి, శ్యామల, గులాబి, బెండలో అర్క అనామిక లాంటివి. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్. అర్క రక్షక్ టమాటా మంచి రకమే కానీ అది ఎఫ్1, పేరు అర్క అని ఉందని పొరపాటు పడొద్దు.

మిద్దెమీద_కూకట్‌పల్లి · సెప్టెంబర్ 9, సాయంత్రం 6:10

కాకర మాట వెనక్కి తీసుకుంటున్నాను, కొత్త సంగతి తెలిసింది. టమాటా మాత్రం ఆరేళ్లుగా తీస్తున్నాను, ఎలాగో రాస్తాను.

బాగా పండి మెత్తబడిన కాయ కోసి, గుజ్జూ గింజలూ గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి మూత వదులుగా పెడతాను. హైదరాబాద్ ఎండల్లో రెండు రోజులు చాలు, చలికాలం మూడు. పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తుంది. గింజ చుట్టూ ఉండే జిగురు సంచి విడిపోతుంది. ఆ జిగురే గింజను కాయలోపల మొలవకుండా ఆపుతుంది, అందుకే దాన్ని పోగొట్టాలి. నీళ్లు పోసి కలిపితే మంచి గింజ అడుగుకు దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. జల్లెడలో రెండు మూడు సార్లు కడిగి స్టీలు పళ్లెంలో ఆరబోస్తాను. కాగితం మీద ఆరబోస్తే అంటుకుపోయి ఊడిరాదు. నాలుగో రోజుకు కూడా గ్లాసులో వదిలేస్తే లోపలే మొలకలు వచ్చేస్తాయి, నాకు ఒకసారి అయింది.

దోసకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే ఒక్క రోజు నానితే చాలు.

వంకాయ అయితే చెట్టు మీదే పసుపు, గోధుమ రంగు తిరిగేదాకా వదలాలి. కూర వంకాయలో గింజ లేతది, మొలవదు. కోశాక వారం పక్కన పెట్టి, ముక్కలు చేసి నీళ్లలో పిసికితే గింజలు దిగుతాయి.

పల్నాటి_పొలం · సెప్టెంబర్ 9, రాత్రి 9:00

ఒక్క సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన ఇళ్లలో ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, సీజనంతా కోసుకుని తిని, చివర్లో ముదిరిపోయి ఆకుల చాటున మిగిలిన వంకర బెండకాయను విత్తనానికి వదలడం. అది తప్పు. కంటికి ఆనకుండా మిగిలిపోయిందని తప్ప ఆ కాయలో వేరే గొప్పతనం లేదు. ఏటా అలాగే చేస్తే ఆలస్యంగా కాసే, తక్కువ కాసే చెట్లే మిగులుతాయి.

మా నాన్న మొదటి కోత మొదలుకాకముందే మడిలో తిరిగి, బలంగా ఉన్న, పల్లాకు తెగులు అంటని మూడు నాలుగు చెట్లకు గుడ్డ పీలిక కట్టేవాడు. ఆ చెట్ల మీద చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు. మాకు కూరకు లేకపోయినా సరే. బెండ కాయ చెట్టు మీదే ఎండి, గీతల వెంబడి పగుళ్లు మొదలవగానే కోసేయాలి. ఆలస్యమైతే గింజ రాలిపోతుంది, వాన పడితే నల్లబడుతుంది.

ఒక్క చెట్టు నుంచే తీయకండి. మూడు నాలుగు చెట్ల గింజ కలిపితే విత్తనం బలంగా ఉంటుంది.

జహీరాబాద్_జొన్న · సెప్టెంబర్ 10, ఉదయం 6:00

పల్నాటి అన్న చెప్పింది మా దగ్గర ఆడవాళ్లు చేసే పనే. కోతకు ముందు నిలబడ్డ పంటలోకి వెళ్లి కంకి కంకి చూసి విత్తనం వేరుగా విరుస్తారు. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల విత్తన బ్యాంకులు చూసే అవకాశం ఉంటే తప్పక చూడండి. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది వాళ్లకు. సంక్రాంతి సమయంలో ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద పెట్టే విత్తనాలు చూస్తే కడుపు నిండుతుంది. విత్తనం తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి, అదే అక్కడి లెక్క.

దాచే పద్ధతి: గింజలో బాగా జల్లించిన బూడిద, ఎండిన వేపాకు, ఈతాకు బుట్టకు పేడ పూత. మా అత్త కందులకు ఎర్రమట్టి పట్టిస్తది.

వంశధార · సెప్టెంబర్ 10, ఉదయం 10:30

మా శ్రీకాకుళం వైపు ఇంకో పద్ధతి ఉండేది. మా నాన్నమ్మ బీర, ఆనప, గుమ్మడి గింజల్ని పచ్చి పేడలో అద్ది పిడకలా గోడకు కొట్టేది. వర్షాలు మొదలవగానే ఆ పిడక తీసి అలాగే గోతిలో పెట్టి నీళ్లు పోసేది. పిడక ఎండే కొద్దీ గింజలోని తేమ లాగుతుంది, ఎలుక ముట్టదు, పురుగు పట్టదు, పెట్టేటప్పుడు ఎరువు కూడా అదే. ఎండిన బీరకాయల్ని గింజలు తీయకుండానే పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవారు. విత్తే రోజున కాయ చివరి మూత విరిచి ఊపితే గింజలు జలజలా రాలేవి.

ఇప్పుడు గ్యాస్ పొయ్యిలు, పొగ లేదు. ఆ పద్ధతి అలాగే చేసి గోడకు వేలాడదీస్తే మా తీరం తేమకు బూజు పట్టింది. పొగ, వేడి అక్కడ చేసే పని ఇప్పుడు ఇంకోలా చేసుకోవాలి.

పెన్నాతీరం · సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 3:20

వంశధార గారు అసలు విషయం పట్టుకున్నారు. గింజకు శత్రువులు తేమ, వేడి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. నిల్వ చేసే చోట వేడి అయిదారు డిగ్రీలు తగ్గించినా అంతే. విత్తన శాస్త్రంలో చాలాకాలంగా వాడుతున్న లెక్క ఇది.

కాబట్టి ముందు ఎండాలి, తర్వాతే చల్లదనం. తడి గింజను ఫ్రిజ్‌లో పెడితే బూజు, డీప్ ఫ్రిజ్‌లో పెడితే చావు. ఎండబెట్టడం అంటే మే నెల మధ్యాహ్నం సిమెంటు డాబా మీద పోయడం కాదు. 40 డిగ్రీలు దాటితే తడి గింజ లోపల ఉడికిపోతుంది. ఉదయం ఎండ రెండు గంటలు, తర్వాత నీడలో గాలి తగిలేలా వారం. దోస గింజ వంచితే వంగకుండా టప్పున విరగాలి. చిక్కుడు గింజ పంటితో నొక్కితే గాటు పడకూడదు.

కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఆరబెట్టినా చివరి తేమ పోదు. బియ్యం సన్నటి మంట మీద బాగా వేయించి, చల్లారాక సీసా అడుగున సగం పోసి, పైన గుడ్డలో మూట కట్టిన గింజలు పెట్టి గట్టిగా మూత బిగించండి. వారం తర్వాత బియ్యం తీసేసి గింజలు వేరే పొడి సీసాలోకి మార్చండి. సిలికా జెల్ దొరికితే గింజల బరువుతో సమానంగా వేయండి. ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక మాత్రం వెంటనే మూత తీయకండి. సీసా గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ గింజల మీదే నీరై కూర్చుంటుంది.

ఎంతకాలం ఉంటాయంటే, ఉల్లి ఏడాది మించి నమ్మొద్దు. బెండ, మిరప రెండేళ్లు. చిక్కుడు మూడు. టమాటా, వంగ నాలుగు. దోస, కీర అయిదు. ఇవి ఇంట్లో జాగ్రత్తగా దాస్తే.

డాలస్_చిక్కుడు · సెప్టెంబర్ 11, ఉదయం 9:15

టెక్సాస్ నుంచి. ఇక్కడ నా బాధ వేరు. మార్చిలో చిక్కుడు పెడితే ఎండాకాలమంతా పందిరి నిండా ఆకే. పగలు తగ్గే సెప్టెంబర్‌లో గానీ పూతకు రాదు. కాయ ముదిరే లోపల నవంబర్‌లో మంచు పడి తీగ నల్లబడుతుంది. తినడానికి సరిపోతుంది కానీ విత్తనం పండదు. గోంగూర కూడా ఇదే కథ. ఏటా ఇండియా నుంచి తెప్పించుకోవడం ఇష్టం లేదు. పైగా అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు సూట్‌కేసులో తేకూడదు కదా.

పెన్నాతీరం · సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 12:00

ఒక తీగను పెద్ద కుండీలో పెట్టండి. పువ్వు వచ్చిన మొదటి గుత్తులనే విత్తనానికి గుర్తు పెట్టుకోండి, తర్వాతవి తినండి. మంచు సూచన రాగానే కుండీ గ్యారేజీలోకి. కాయ ఆకుపచ్చ పోయి పసుపెక్కి, లోపల గింజ నిండుగా, రంగు తిరిగి ఉంటే కోసి తోలుతో సహా ఇంట్లో ఆరబెట్టినా గింజ పనికొస్తుంది. గోంగూరకూ అదే. దాని ఎండు కాయల నూగు గుచ్చుకుంటుంది, గ్లవుజులు వేసుకోండి.

మీ దగ్గర త్వరగా పూసిన తీగ నుంచే ఏటా గింజ తీస్తూ ఉంటే కొన్నేళ్లకు మీ ఊరి కాలానికి తగ్గ విత్తనం తయారవుతుంది.

కొత్తకుండీ · సెప్టెంబర్ 12, ఉదయం 8:00

చిక్కుడు గింజలకు గుండ్రటి కన్నాలు పడి చిన్న పురుగులు బయటికి వస్తున్నాయి. సీసా మూత గట్టిగానే పెట్టాను!

వంశధార · సెప్టెంబర్ 12, ఉదయం 8:40

పుచ్చు పురుగు సీసాలోకి దూరలేదు. పచ్చికాయ మీదే గుడ్డు పెట్టింది, గింజతో పాటే లోపలికి వచ్చింది. మంచి గింజలు ఏరి, బాగా ఎండబెట్టి, మూత బిగించి వారం డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, గుడ్డు కూడా చస్తుంది.

మిద్దెమీద_కూకట్‌పల్లి · సెప్టెంబర్ 12, సాయంత్రం 5:30

తోటకూర వాళ్లకు చిన్న మాట: ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర ఒకే డాబా మీద పూస్తే గాలికే కలిసిపోతాయి. ఒక ఏడాది ఒకటే విత్తనానికి వదలండి. కంకి నలిపితే నల్లటి గింజ రాలాలి. చేటలో చెరిగితే పొట్టు పోతుంది.

విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం చట్టరీత్యా తప్పా అని నన్ను ఒకరు అడిగారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మడం మాత్రం కుదరదు.

సిద్దిపేట_పెరడు · సెప్టెంబర్ 21, ఉదయం 7:20

చేదు పాదులు పీకేశాను. మంచి పాదులకు మళ్లీ పూత వచ్చింది. మొత్తం ఏడు పువ్వులు కట్టాను. ఆరు రాలాయి. ఒక్కటి నిలిచింది, నిమ్మకాయంత అయింది, ఎర్రదారంతో వేలాడుతోంది. రోజూ పొద్దున లేవగానే ముందు దాని దగ్గరికే వెళ్తున్నాను.

ఈ గొడవంతా అమ్మకు ఫోన్‌లో చెబితే కాసేపు ఆలోచించి, "మీ దుబ్బాక చిన్నమ్మకు నేనే ఇచ్చిన కదా, నీకిచ్చిన ఏడే" అన్నది. చిన్నమ్మకు వెంటనే ఫోన్ చేశాను. ఆమె రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులతో పెరడు పెట్టలేదట. కానీ అమ్మ ఇచ్చిన గింజల్లో సగం బూడిదలో కలిపి స్టీలు డబ్బాలో అలాగే ఉన్నాయట! దసరాకు వెళ్లి తెచ్చుకుంటాను.

బుడమను ఏం చేయాలి? పక్క ప్లాటు వాళ్లను అడిగి అంతా పీకించాలా? చిన్నమ్మ ఆ కాయల్నే సగానికి కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టి ఒరుగులు పెడుతుంది. వేయించుకుని పప్పుచారులోకి తింటే దానికి సాటి లేదు. దాన్ని లేకుండా చేయడానికి నాకు మనసు రావడం లేదు.

పెన్నాతీరం · సెప్టెంబర్ 21, ఉదయం 9:10

పీకించక్కర్లేదు. బుడమ వానలతో మొలిచి, చలికాలానికి ఎండిపోతుంది. మీరు విత్తనం దోసను జనవరి చివర్లో పెట్టండి. మార్చిలో అది పూసేటప్పుడు పక్కన బుడమ ఉండదు. వానాకాలం దోస తినడానికి, ఎండాకాలం దోస విత్తనానికి. తేనెటీగలు కిలోమీటరు దాటి కూడా తిరుగుతాయి, ఎవరింట్లోనో ఖర్బూజ ఉండొచ్చు. కాబట్టి అప్పుడు కూడా పువ్వు కట్టడం మానకండి.

చిన్నమ్మగారి డబ్బాలో గింజలు ఎన్ని ఉన్నా మొలక పరీక్షకని విడిగా వృథా చేయకండి. తడి గుడ్డలో చుట్టి, మొలిచినవి మొలిచినట్టే కప్పుల్లోకి మార్చుకోండి. అన్నీ ఒకేసారి కాదు, సగం దాచండి.

సిద్దిపేట_పెరడు · ఫిబ్రవరి 3, సాయంత్రం 6:45

చిన్నమ్మ డబ్బాలో నలభై ఒక్క గింజలు దొరికాయి. ఇరవై నానబెట్టాను, పదమూడు మొలిచాయి. ఎర్రదారం కాయ అక్టోబర్ చివర్లో పండింది, దాని గింజలు వేరే సీసాలో ఉన్నాయి. అందులోవి అయిదు పెడితే అయిదూ మొలిచాయి. రెండు రకాలనూ వేరు వేరు మడుల్లో, పేర్లు రాసిన పుల్లలతో పెట్టాను. అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. పుల్లల మీద పేరు ఏమని రాశావని అడిగింది. ఒకదాని మీద "దుబ్బాక", ఇంకోదాని మీద "ఎర్రదారం" అని చెప్పాను.

పల్నాటి_పొలం · ఫిబ్రవరి 3, రాత్రి 8:30

నాలుగేళ్ల గింజకు ఇరవైలో పదమూడు అంటే చాలా మంచి మొలక. మీ చిన్నమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

సిద్దిపేట_పెరడు · ఏప్రిల్ 9, ఉదయం 6:30

మొదటి కాయలు కోశాం. అన్ని పాదులవీ విడివిడిగా చివర ముక్క నాలుక మీద పెట్టి చూశాను. దుబ్బాక మడిలో ఒక్కటి కూడా చేదు లేదు. ఎర్రదారం మడి కూడా బాగుంది. నిన్న దోసకాయ పప్పు చేసి తమ్ముడింటికి పంపాను.

కట్టిన పువ్వుల్లో నాలుగు కాయలు నిలిచాయి, ఒకటి బాగా పసుపెక్కింది. ఎప్పుడు కోయాలి? ఎండలు మండుతున్నాయి, తీగ మీదే ఉంచితే పాడవుతుందేమోనని భయం.

పెన్నాతీరం · ఏప్రిల్ 9, ఉదయం 7:05

రంగు పూర్తిగా తిరిగి, కాడ దగ్గర సన్నగా పగులు కనపడి, దోస వాసన వస్తే కోయండి. అప్పటిదాకా కాయ మీద ఎండుగడ్డి కప్పండి, కింద కూడా కొంచెం వేయండి, నేల వేడి తగలకుండా. కోశాక ఇంట్లో నీడలో వారం పది రోజులు ఉంచి అప్పుడు తెరవండి. ఆ పది రోజుల్లో లోపలి గింజ ఇంకా నిండుతుంది.

డాలస్_చిక్కుడు · ఏప్రిల్ 9, ఉదయం 8:50

గ్యారేజీ కుండీలోంచి నాకు ఇరవై రెండు చిక్కుడు గింజలు వచ్చాయి. అన్నీ పెట్టలేదు, పన్నెండు పెట్టాను.

జహీరాబాద్_జొన్న · ఏప్రిల్ 9, రాత్రి 9:10

సిద్దిపేట అక్కా, నాలుగు కాయల గింజ తీసినంక నాకు పది పంపు. మా ఇంటి చుట్టూ బుడమ లేదు, అంతా జొన్నే. వచ్చే ఏడు నీకు ఇరవై తిరిగి ఇస్తా.

సిద్దిపేట_పెరడు · ఏప్రిల్ 9, రాత్రి 9:25

తప్పకుండా తమ్ముడూ. దుబ్బాక మడివి పది, ఎర్రదారం మడివి పది, వేరే వేరే పొట్లాల్లో పంపుతాను. కలపొద్దు.